మాచమ్మ నోట్లో పెట్టుకొచ్చిన మాట

మాచమ్మంటే గోదారి మధ్యన మా లంకలో పెరుగమ్ముకునే మనిషంట. మంచిదేగానీ మహా నోరు. ఓనాడు ఏమైందంటే, దాని కోడిపెట్ట కనపళ్ళేదు. పక్కిల్లే చెల్లెలు పేరంటాలుది. ఆ పూట ఆ ఇంట్లోంచి మసాలా వాసనొచ్చిందనుకో, ఇంకేముంది, నువ్వే కోసుకు తిన్నావే దొంగమొకందానా అని ఈదిలో నిలబడి ఊరంతా ఇనేలా తిట్టింది. కొన్నాళ్ళకి ఆ పెట్ట గడ్డివాములోంచి పిల్లల్నేసుకుని తాపీగా వచ్చింది. ఊరంతా నవ్వేరు. పేరంటాలు నవ్వలేదు, అక్కతో మాట్లాట్టం మానేసింది. మాచమ్మకి ముద్ద దిగట్లేదంట. తల్లి పోయేక తనే ఎత్తుకు పెంచిన పిల్ల మరి. పోయి మన్నించమందామంటే, పెద్దోళ్ళు చిన్నోళ్ళని అలా అడిగితే చిన్నోళ్ళకి ఆయుష్షు తరిగిపోద్దంటారు కదా మనోళ్ళు. నవ్వకండి, మీ అమ్మ మీ కాళ్ళట్టుకుంటే మీరు ఊరుకుంటారా ఏంటి? అడగలేకా మానలేకా కుమిలిపోయేది.

గోదారవతల ఓ తెల్ల దొరసాని బంగళాకి పెరుగు పోసేదిలే. ఓ పొద్దున్న ఆవిడ చెయ్యి తగిలి మాచమ్మ కుండ పగిలిపోయింది. ఆవిడ సారీ అందంట. అదేంటమ్మా అంటే, వచ్చీరాని మన మాటల్తో మెల్లగా చెప్పింది, మా తాతల తాతల నాడు నొప్పిలోంచి పుట్టిన మాట మాచమ్మా, కుండ నీది పగిలింది, నొప్పి నాకుంది, అని చెప్పడం అంది. మన్నించమని అడగటం కాదామ్మా? కాదు, ఉన్నది చెప్పడమే. మరి పెద్దోళ్ళు చిన్నోళ్ళతో అనొచ్చా? నొప్పికి చిన్నా పెద్దా ఏముంది, అందంట దొరసాని.

అంతే, ఆ మాట నోట్లో పెట్టుకుని పడవెక్కేసింది. నోరు తెరిస్తే ఎక్కడ గోదాట్లో జారిపోద్దో అని పెదాలు బిగించేసింది. పడవోడు పలకరించినా పలకలేదు. మంచు పట్టేసిందనుకో, ఈ ఒడ్డూ లేదు, ఆ ఒడ్డూ లేదు, నీళ్ళేవో ఆకాశమేదో తెలీదు. పడవ నడుస్తుందో నిలబడిపోయిందో. నోట్లో ఆ మాట గోరెచ్చగా ఉందంట, చిన్నప్పుడు చెల్లికి పెట్టిన పాలబువ్వ రుచి తగిలిందంట. మంచులోంచి ఎవరో పసిపిల్ల అక్కా అక్కా అంటున్నట్టే ఉందంట.

పేరంటాలు వాకిట్లో బియ్యం చెరుగుతుంది. మాచమ్మ ఎదురుగా కూలబడి, సారీ, అంది. అంత నోరూ వణికిపోయింది. పేరంటాలు తలెత్తి, అంటే ఏంటి, అంది. నొప్పంటనే, అంది మాచమ్మ. చేట అక్కడే పడేసి, ఎక్కడక్కా, ఎక్కడ, అని ఆ చెల్లి అక్క ఒళ్ళంతా తడిమేసిందంట.

మా లంకలోకి ఆ మాట అలా వచ్చింది. ఇప్పుడు మీరంతా బస్సులో కాలు తొక్కేసి గబుక్కున అనేస్తారు. నొప్పి మాత్రం తొక్కించుకున్నోడికే ఉంటాది.