బాజా వాళ్ల రివాజు

"చారుల మిరియాలు ఏవి?"

"అయిపోయినయ్."

"మొన్ననే గదా తెచ్చిన."

"కషాయం పెట్టుకున్న. గొంతు పట్టింది."

"ఇంట్ల మిరియాలన్నీ నీ గొంతుకేనా? నాది గొంతు గాదా?"

పాతబస్తీ జహనుమాలోని ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనాలు మొదలయ్యాయి. డప్పుల బాజాలో పద్దెనిమిదేళ్లుగా ముందు నిలబడి పాడుతున్న ఎల్లేష్‌కు, భార్య కళావతి గొంతు మాట ఎవరెత్తినా ఈమధ్య తిండి చప్పగానే ఉంటోంది. పక్కన తండ్రి శివయ్య తలెత్తకుండా తింటున్నాడు.

"స్టూడియో అభిషేక్ నీకు ఫోన్ చేసిండట," అంది కళావతి.

"ఎవలు చెప్పిన్రు?"

"చేసిండా, లేదా?"

"చేసిండు. ఏదో... మైకు ముచ్చట."

"మైకు ముచ్చటనా?"

"అవ్, మైకు ముచ్చటే. తొక్కు ఎయ్యి."

"రెండో పాటకు నా మొఖమే చూపిస్తమన్నడట. మా ఆమె కెమెరా ముంగట నిలవడదు అన్నవట నువ్వు. నన్ను అడిగినవా?"

"అడిగేదేముంది? మొదటి పాటకు ఏం చేసిన్రో మర్శినవా? నల్లగున్నది, డప్పోళ్ల ఇంటిది, ఎవలు చూస్తరని గొంతు నీది తీస్కోని మొఖం ఇంకో తెల్లపిల్లది పెట్టిన్రు."

"మర్వలే. అయ్యాల నువ్వు స్టూడియోకు పోయి మస్తు లొల్లి పెట్టినవ్. నా పెండ్లాం మొఖానికేమైందని అడిగినవ్. అదీ యాదికున్నది."

"మరి?"

"మరి ఇప్పుడు వాళ్లే రమ్మంటే ఎందుకు వద్దన్నవ్?"

"అప్పుడు నువ్వెవలో ఎవలికీ ఎర్కలేదు."

"అంటే?"

"అంటే ఏం లేదు. తిననియ్యి."

"చెప్పు."

"ఆ పాట వీడియో కింద నీ పేరు రాసిన కాన్నుంచి బార్కస్‌ల జాంపండ్లోడు గూడ నన్ను 'కళావతి కా ఆద్మీ' అంటుండు, నీ మొగన్నట. పద్దెనిమిదేండ్లు బోనాలల్ల గొంతు చించుకున్న. ఒక్కడన్న నీ పేరేంది భాయ్ అన్నడా? నువ్వు గిన్నెలు తోముకుంట పాడేదానివి. ఒక్క పాటకే పేరొచ్చె."

"గిన్నెల కాడ గూడ మెల్లగ పాడుమన్నది నువ్వే గద."

ఎల్లేష్ ముద్ద కలుపుతూనే ఉన్నాడు. అది నోటిదాకా రాలేదు.

"అభిషేక్‌కు మల్ల నేనే ఫోన్ చేసిన. వస్తనని చెప్పిన. ఎల్లుండి ధూల్‌పేట్ల షూటింగు."

"పో. ఎనక డప్పెవడు కొడ్తడు?"

"నువ్వు కొట్టవా?"

"ఆడామె ముంగట నిలవడి పాడ్తే మన బాజాల ఒక్కడు డప్పు ముట్టడు. ఇది నేను పెట్టిన రివాజా? బాపు పెట్టిండు. చెప్పు బాపూ."

"మామను ఎందుకు మధ్యల తెస్తవ్? తిననియ్యి ఆయనను."

"చెప్పనియ్యి. బాపూ, నువ్వే చెప్పు."

"నేనే పెట్టిన."

"ఇన్నవా?"

"మీ అవ్వ, నా పెండ్లాం, నాకన్న మంచిగ పాడుతుండె. అందుకు పెట్టిన. ఆమె పోయేదాంక గీ ముక్క నోట్లకెల్లి రాలే. కోడలా, ఎల్లుండి నువ్వు ముంగట నిలవడు, ఎనక నేను కొడ్త. ఎల్లేషూ, నువ్వు మంట కాడ కూసోని నా డప్పు మంచిగ మోగేటట్టు కాపి ఇయ్యి."