బావ విప్పిన లాప్‌టాప్

హలో… ఆ, నేనే! నీ ఒక్కగానొక్క బావమరిదిని. ఏం బావా, కొత్త లాప్‌టాప్ లేచిందా?

…లేవలేదా? మూడు దాటింది, నాలుగింటికి కదా ఆ చేతిపనుల బడివాళ్లకి నీ మొదటి ఆన్‌లైన్ క్లాసు! గడియారాల మరమ్మతు నేర్పే మాస్టారే టైముకి రాకపోతే ఎలా?

…స్పీకర్లో పెట్టావా? సరే, అరవను. ఇది నా మామూలు గొంతే.

మీట నొక్కావా?… నొక్కుతూనే ఉన్నావా! బావా, అది కీ ఇచ్చే గడియారం కాదు, కీ నొక్కే యంత్రం. ఒక్కసారి నొక్కి వదిలెయ్.

…దీపం రాలేదూ. చార్జరు?… పెట్టావు. గోడ స్విచ్చి?… అక్కయ్య కూడా చూసిందా? అయితే వేసినట్టే.

మరేమైంది చెప్మా…

ఆఁ? "లోపలంతా శుభ్రంగానే ఉంది" అంటావేంటి?

…బావా. లోపల నువ్వెలా చూశావు?

…

విప్పేశావా!

ఇంకా అట్టపెట్టె వాసనైనా పోలేదయ్యా!… ఆ, తెలుసు. ఏ గడియారమైనా వెనక మూత తీసి చూడందే నీకు నమ్మకం కుదరదు. మా ఇంటికి అల్లుడిగా వచ్చిన మొదటి రోజే గోడ గడియారం విప్పావు. మా అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని అరగంట నిలబడింది.

మరలెన్ని?… పది. మరల్ని మరవలేదుగా?… సీసా మూతల్లో వరసగా పెట్టి, మళ్లీ వరసగా బిగించావు. శభాష్! మరైతే—

సెల్లా? ఏ సెల్లు?… బ్యాటరీనా?

"సెల్లు తీయకుండా దేని మీదా చెయ్యి వెయ్యను"… అబ్బో, గొప్ప నియమం! తీశావు సరే. అది లేందే ఈ రకం చార్జరు పెట్టినా లేవదు. తిరిగి తగిలించావా?

…

హహ్హహ్హా! ఆగు, కడుపు పట్టుకోనీ… గుండె ఊడదీసి పక్కన పెట్టి, గంట నుంచి నాడి చూస్తున్నావా!

…అలగకు. విను. ముందు చార్జరు పీకు. మూత తియ్యి. నువ్వు ఊడదీసిన తీగల కొస ఉందే, దాన్ని పట్టకారుతో మెల్లిగా నెట్టు… టక్కుమంది! నాకూ వినబడింది. మూసెయ్. చార్జరు పెట్టు. ఇప్పుడు నొక్కు.

…

వెలిగిందా! అక్కయ్య కేక ఫోను లేకపోయినా వినబడేది.

పేరు అడుగుతోందా?… నీ పేరే బావా, ఇంకెవరిది! పాస్‌వర్డ్ కొట్టు. పైకి చదవకు… చదివేశావు. మార్చు. అక్కయ్య పుట్టినరోజు పెట్టు, రెండూ మరిచిపోకూడనివే.

…టైము తప్పు చూపిస్తోందా? నీ గోడ గడియారం కంటే అయిదు నిమిషాలు వెనకా?… బావా, తప్పు నీ గోడదే. దుకాణం తెరవడం ఆలస్యం కాకూడదని నువ్వే కదా దాన్ని ముందుకి తిప్పావు! సంతోషించు, అయిదు నిమిషాలు మిగిలాయి.

ఆ బడివాళ్లు పంపిన లింకు నొక్కు… ఎవరో దిగులు ముఖంవాడు కనబడుతున్నాడా? నువ్వే.

…

ఆఁ? స్క్రీను మూసేస్తున్నావా? ఎందుకూ?

…భయమా? వెంట్రుకంత ముల్లు బిగించేవాడికి!

…ఊఁ.

…అదా సంగతి. ఇవాళ నచ్చితేనే వారం వారం పిలుస్తామన్నారు. దుకాణానికేమో నెలకి నాలుగు గడియారాలైనా రావడం లేదు. పైగా పదకొండు మంది ఒక్కసారే చూస్తుంటారు…

బావా, ఇన్నేళ్లూ నువ్వు ఒకసారికి ఒక్కరితోనే మాట్లాడావు. అదీ కంటికి భూతద్దం పెట్టుకుని, తలెత్తకుండా. ఇవాళా ఎత్తకు. స్క్రీను కాస్త ముందుకి వంచు, కెమెరాకి నీ చేతులు కనబడేలా… ఆ, అంతే. గడియారం విప్పు. నోరు దానంతటదే విప్పుకుంటుంది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఆ సెల్లు సంగతి ఎవరితోనూ అనకు, మాస్టారి పరువు పోతుంది… నేనా? నేను చెప్పనని ఎప్పుడన్నాను! ఏడాది పొడుగునా, చుట్టాలందరి ముందూ—

వచ్చేశారా? సరే, ఫోను కట్ చెయ్యి… బావా, కట్ చెయ్యి… బావా?

బల్ల మీద పడేశాడు.

…మొదలెట్టాడు. గొంతు పీలగా ఉంది… కాస్త గట్టిగా, బావా…

ఏమంటున్నాడు? "పాఠానికి ముందు… నేను ఇవాళ చేసిన తప్పు చెబుతాను"…

అయ్యో బావా! వద్దు!

…చెప్పేస్తున్నాడు. పది మరలూ, సీసా మూతలూ… గుండె, నాడి… ఓయ్, ఆ మాట నాది!

…నవ్వుతున్నారు. అందరూ నవ్వుతున్నారు. ఏడాదికి దాచుకున్న నా జోకు నిమిషంలో పంచిపెట్టేశాడు!

…గొంతు కుదిరింది. "ఇప్పుడు మూత తీద్దాం" అంటున్నాడు… చూడు, ఎంత నింపాదిగా…

హలో? ఎవరూ… అక్కయ్యా? ఏంటీ?… నా గొంతు క్లాసులో అందరికీ వినబడుతోందా!

…మొదటి నుంచా?

…ఆయనేమన్నాడు?… "వాడు మా బావమరిది, వాడి నోటి సెల్లు తీసే పద్ధతి నాకింకా దొరకలేదు" అన్నాడా!

…సరే. ష్… పెట్టేస్తున్నా. చప్పుడు కాకుండా.