మళ్లీ ఆగింది

"మళ్లీ ఆగింది. అమ్మాయీ, ప్లగ్గు విప్పి చూశారేమో అడుగు."

"ఎదురుగానే ఉన్నారుగా నాన్నా, నువ్వే అడగొచ్చుగా."

వరండాలో బల్ల మీద అరచేతిలో పట్టేంత పెట్రోలు ఇంజను. పెద్దాయన తన లేత్ మీద స్వయంగా చెక్కి చేసుకున్నది. బల్లకు ఒక పక్క ఆయన, ఇంకో పక్క పెళ్లయినప్పటి నుంచీ ఆయన పలకరించని అల్లుడు, మధ్యలో కూతురు.

"నిన్ను అడగమన్నానా లేదా?"

"ఏమండీ, ప్లగ్గు చూశారా?"

"చూశాను. నిప్పురవ్వ బాగానే వస్తోందని మామయ్యగారికి చెప్పు."

"నాకు చెవుడు లేదని చెప్పు."

"మీ ఇద్దరి మధ్యా నేను తపాలా మోయలేను బాబూ. టీ పెడతాను. మీరూ మీరూ చూసుకోండి."

కూతురు లోపలికి వెళ్లింది. పెద్దాయన ఇంజను వైపే చూస్తూ గొణిగాడు.

"ఆ గొట్టం... ఎవరైనా పట్టుకుంటే బాగుండు."

"పట్టుకున్నానండీ."

"కాస్త పైకి. పెట్రోలు దిగుతోందా?"

"దిగుతోంది. చక్రం తిప్పమంటారా?"

"తిప్పు... తిప్పండి."

"తిప్పు అంటే చాలండీ."

"అదిగో, అందుకుంది. ఉండు, ఉండు... గొంతు మారుతోంది... పోయింది."

"కార్బురేటరు ఇంకోసారి కడుగుదామా?"

"ఇందాకే కడిగాంగా."

"అవుననుకోండి."

"పోయేదేముంది, కడుగుదాం. చెయ్యి బాగా తిరిగినట్టుందే నీకు. ఎక్కడ నేర్చావ్?"

"మా నాన్న కుట్టుమిషన్లు బాగుచేసేవారండీ. పక్కన కూర్చుని చూసేవాణ్ణి."

"ఈ ముక్క మా అమ్మాయి చెప్పలేదే."

"చెప్పబోతే మీరు పేపరు అడ్డం పెట్టుకున్నారట."

"ఊఁ. పెట్టుకునే ఉంటాను."

"ఇదిగో టీ. ఇంకా అవలేదా? ఏదీ, ఇలా ఇవ్వండి. ఈ ట్యాంకు మూతకి గాలి కన్నం మూసుకుపోయింది, చూడలేదా? లోపలికి గాలి వెళ్లకపోతే పెట్రోలు ఎలా దిగుతుంది? పిన్నుతో పొడిస్తే సరి. ఊఁ, ఇప్పుడు తిప్పండి."

"ఆడుతోంది!"

"ఆడక? ఏమండీ, ఇంత చిన్న విషయం మీ కంటికి ఆనలేదా?"

"రాగానే చూశాను."

"మరి చెప్పరేం?"

"పిలవక పిలవక పిలిచారు. చెప్పేస్తే పనైపోయిందని పంపించేస్తారేమోనని..."

"విన్నావా నాన్నా? నవ్వుతావేంటి?"

"ఇంజను నిన్ననే బ్రహ్మాండంగా ఆడిందే. ఆ కన్నంలో మైనం కుక్కింది నేనే. ఊరికే రమ్మంటే, ఇన్నాళ్లకి ఏ మొహం పెట్టుకుని రమ్మనను?"