బిరీవ్డ్ అంటే

పరాయి దేశంలో, సార్నియా అనే ఊళ్ళో ఒక ఆస్పత్రి. మంచులో కారు జారి, కాలేజీ కుర్రాడు తనీష్ ఆ మధ్యాహ్నమే చనిపోయాడు. హామిల్టన్ నుంచి వచ్చిన అతని అక్క స్నేహకి ఎనిమిదో నెల. ఆమెకి ఆ సంగతి తెలియనివ్వకుండా, భర్త అనంత్ వచ్చేదాకా ఈ గదిలోనే కూర్చోబెట్టే పని తనీష్ రూమ్‌మేట్ జయదేవ్ మీద పడింది.

"ఇప్పుడు తలుపు తీసి చూసిపోయిన ఆవిడ ఏమంది, జయదేవ్?"

"ఏం లేదక్కా. వాటర్ కావాల్నా అని."

"కాదు. ఇంకో మాట అంది. బిరీవ్డ్ అంది."

"పక్క రూమోళ్ళ గురించేమో. మనకెందుకక్కా. నువ్వు కాళ్ళు పైకి పెట్టుకొని కూసో."

"బిరీవ్డ్ అంటే తెలుసా నీకు?"

"తెల్వదు."

"తెల్వకుండనే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష ఎట్ల పాసయినవ్ రా? కరీంనగర్‌ల నా కోచింగ్ క్లాసులో నువ్వూ వాడూ ముందు బెంచీ మీదనే కూసునేటోళ్ళు."

"ఏమన్నా తింటావా అక్కా? కింద కెఫెటేరియా ఉంది."

"వాడెట్లున్నడు?"

"సీరియస్ అన్నరు."

"ఎవరన్నరు?"

"డాక్టరే."

"ఇక్కడి డాక్టర్లు సీరియస్ అని ఊకోరు జయదేవ్. దెబ్బ ఎక్కడ తగిలింది, ఏం చేస్తున్నరు, అన్నీ చెప్తరు. ఉత్త సీరియస్ అనేది మనోళ్ళు. మా నాయినమ్మ పోయిన రోజు హాస్టల్‌కి ఫోన్ చేసి నాకు అట్లనే చెప్పిన్రు."

"బావ వస్తున్నడక్కా. వాటర్లూల ఆఫీసు నుంచి డైరెక్ట్‌గా బయల్దేరిండు. వచ్చినంక అన్నీ మాట్లాడుకుందాం."

"వచ్చి ఏం చేస్తడు?"

"నిన్ను ఇంటికి తీసుకపోతడు. ఇట్లాంటప్పుడు నువ్వు ఆస్పత్రులల్ల తిరగొద్దు కదా. మీ అత్తమ్మ కూడా ఫోన్ చేసి అదే అన్నదంట."

"కడుపుతోని ఉన్నోళ్ళు దేన్ని చూడొద్దంటరో తెలుసా?"

"తెల్వదక్కా. నాకేం తెల్వదు."

"వచ్చినప్పటి నుంచి అన్నిటికీ అదే అంటున్నవ్."

"ఆ మాట గురించి చెప్పు పోనీ. బిరీవ్డ్. క్లాసుల చెప్పేదానివి కదా, ఏ మాట ఏడికెళ్ళి వచ్చిందో. మాకు అదే ఇష్టముండె."

"చాలా పాతది. వెయ్యేండ్ల కింది ఇంగ్లీషులనే ఉంది. రీవ్ అంటే దోచుకోవడం. ఊరి మీద పడి, ఇండ్లు లూటీ చేసి, గొడ్లను తోలుకపోతే ఆ మాట అనేటోళ్ళు. ముందర బి పెడితే, ఏం మిగల్చకుండ అని. బిరీవ్డ్ అంటే నిండా దోపిడీ అయినోళ్ళు."

"మరి చావుకి కాదా అది?"

"చావని నేననలేదు."

"లేదు... అంటే... ఎక్కడనో చదివిన."

"రాను రాను చావొక్కదానికే మిగిలింది. బంగారం పోయినోళ్ళను ఇప్పుడెవ్వరూ బిరీవ్డ్ అనరు. బంగారం మళ్ళ కొనుక్కుంటరు కదా. రాబ్ అన్నా ఆ వేరుదే. రోబ్ కూడా. మొదట రోబ్ అంటే దోచుకొచ్చిన బట్టలు. పడిపోయినోని ఒంటి మీదికెళ్ళి ఒలిచి తెచ్చిన బట్టలు."

"చాలక్కా. ఆపు."

"నీ కుర్చీ కింద కవర్ల ఉన్నది వాడి జాకెటే కదా? నేనే కొనిచ్చిన."

"అది... స్కానింగ్ కోసం తీసేసిన్రు."

"బూట్లు కూడానా?"

"బూట్లు కూడా."

"ఏడుస్తున్నవా?"

"లేదక్కా. సలి."

"లోపల హీటర్ నడుస్తోంది."

"ఇయ్యాల పొద్దుగాల గూడ వాడు నా మీద ఒర్రిండక్కా, అన్నం మాడగొట్టిన్నని. బస్సు లేదు, నాతోని పనిచేసే పిలగాని కార్ల పోత డ్యూటీకి, అంటే సరే పో అన్న. నేను పొమ్మన్న. మంచు పడుతుందిరా ఆగు అనలేదు."

"నువ్వేం చేస్తవ్ రా. ఇక్కడ అందరూ అట్లనే పోతరు."

"ఆగు అంటే ఆగేటోడక్కా."

"నన్ను వాని దగ్గరికి తీసుకపో."

"ఇప్పుడు లోపలికి పంపరు. బావ రానీ."

"బావ రాకముందే పోవాలె."

"నాతోని కాదక్కా. బావ నాతోని ఒట్టేయించుకుండు, నిన్ను ఈ రూమ్ దాటనియ్యొద్దని. నీకో, కడుపుల బిడ్డకో ఏమన్నా అయితే నేను ఎవరికి మొహం చూపియ్యాలె?"

"సీరియస్ అయితే ఒట్టెందుకు?"

"అక్కా, నీకు దండం పెడ్త. నన్నడగకు."

"అడగను. ఎమర్జెన్సీ కాంటాక్ట్ అని వాడు ఇచ్చింది నా నంబరే. సగం దారిల పెట్రోల్‌కి కారు ఆగినప్పుడే ఆస్పత్రోళ్ళు నాకు ఫోన్ చేసిన్రు. నేనే పక్కకు పోయి గుచ్చి గుచ్చి అడిగి చెప్పించుకున్న. అక్కడ ఏడిస్తే, నన్ను తీసుకొస్తున్న పక్కింటోళ్ళు కారు అక్కడ్నించే వెనక్కి తిప్పేటోళ్ళు. వాళ్ళకు రాంగ్ నంబర్ అని చెప్పి, నోట్లె చున్నీ కుక్కుకొని ఇంత దూరమొచ్చిన జయదేవ్. లే. మీ బావ వచ్చేలోపల నా తమ్ముని మొహం చూపియ్యి."