కౌంటీలో ఒక ఓటు పెరిగింది

నెబ్రాస్కాలో ఆ పొద్దున ప్రమాణం చేసి అమెరికా పౌరుడైన డెయిరీ పనివాణ్ణి, పక్క పొలం పెద్దావిడ తన ట్రక్కులో ఇంటికి తీసుకొస్తోంది.

“మన కౌంటీలో ఓటున్నవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. ఇవాళ ఒకడు పెరిగాడు.”

“మన ఆసుపత్రి కోసం కొత్త పన్ను వేయాలా వద్దా అని ఓటు పెడుతున్నారుగా, నా మొదటి ఓటు వేయాలనే, పెద్దమ్మా.”

“ఆ పన్ను పడేది నా పొలం మీదరా. నేను వద్దనే వేస్తా.”

“తెలుసు. కానీ ఇక్కడ కాన్పుల వార్డు మూసేశారుగా, దూరపు ఆసుపత్రికి వెళ్తుంటే మా పాప యెసేనియా దారిలో కారులోనే పుట్టింది. ఇంకొకళ్లకి ఆ గతి పట్టకూడదు.”

“అయితే పౌరసత్వ పరీక్షకి దగ్గరుండి చదివించి, నా ఓటుకి ఎదురు ఓటేసేవాణ్ణి నేనే తయారుచేసుకున్నానన్నమాట.”

“కోపమొచ్చిందా?”

“వచ్చింది.” ఆవిడ అతని ఇంటి ముందు ట్రక్కు ఆపింది. “ఎన్నికల రోజు పొద్దున్నే తయారుగా ఉండు. మంచు పడితే నీ డొక్కు కారు కదలదు. నేనే వచ్చి తీసుకెళ్తా.”