పంటికి సీల్

ఉప్పల్ చౌరస్తా దగ్గర పళ్ల డాక్టరమ్మ క్లినిక్. ఎనిమిదేళ్ల సాయిప్రియ లోపల కుర్చీలో ఉంది. వీళ్లను చూస్తే పిల్ల ఇంకా ఏడుస్తోందని తల్లి సత్యవేణినీ, నాయనమ్మ వెంకటనర్సమ్మనూ బయట కూర్చోబెట్టారు. బల్లకు ఆ కొసన అత్త, ఈ కొసన కోడలు. సత్యవేణికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మళ్లొక్కసారి చెప్పు అత్తమ్మ. బడిల పండ్ల క్యాంపు పెట్టిననాడు డాక్టరమ్మకు నువ్వేం చెప్పినవ్?"

"ఏం చెప్తా. వద్దన్న."

"ఆమెకు వద్దన్నవ్. నాకేమో అయ్యిందన్నవ్."

"క్యాంపు అయ్యిందన్న. అయిపోలేదా మరి?"

"అత్తమ్మా, నాతోని పరాచికాలాడకు. నాచారం కంపెనీకెళ్లి వచ్చి చెప్పులు ఇడ్వక ముందే అడిగిన, పిల్ల పండ్లకు పూత వేసిన్రా అని. అయ్యిందన్నవ్. నమ్మిన. ఏడాది సంది నమ్మే ఉన్న."

"నువ్వడిగింది పూత. ఆమె పూత అన్లే. సీల్ అన్నది."

"రెండొక్కటే గదా."

"ఎట్లొక్కటైతది? సీల్ అంటే నాకెర్కలేదా? నా కొడుకు పనిజేసే కంపెనీకి సీలేసి పోయిన్రు. గేటుకు తాళం, తాళం మీద లక్క. ఇయ్యాల్టిదాంక తెరువలే. వాడు ఆటో తోలుకుంట తిరుగుతుండు."

"కంపెనీకి, పంటికి ఏం సంబంధం?"

"పాలపంటికి సీలేస్తే అది ఊడుతదా? ఊడకుంటే కిందున్న పన్ను యాడికెళ్లి వస్తది? పోరి ముసల్దయ్యేదాంక పాలపండ్లతోనే ఉండాల్నా?"

"అది పాలపన్ను కాదు. ఇందాక నీ ముందటనే చెప్పింది గదా ఆమె. ఆరేండ్లప్పుడు అన్నిటెన్క మొలిసే దౌడపన్ను. ఏ పన్ను ఊడకుంటనే వస్తదంట. అందుకే అందరు పాలపన్ననుకుంటరంట. సచ్చేదాంక ఉండాల్సిన పన్ను అత్తమ్మ అది."

"ఏ పన్ను ఊడలే, ఉత్తగ మొలిసింది. పాలపన్నే అనుకున్న."

"అనుకుంటే నాకు చెప్పాలె. లేకుంటే ఆమెనన్న అడగాలె. ఆ పంటి మీద గాళ్లుంటయ్, గాళ్లల్ల తిండి ఇరుకుతది, బ్రష్షు అందది. ఆ సందులు మూసేటందుకే పూత. సూది లేదు, నొప్పి లేదు. గది వద్దంటివి. ఇప్పుడు నరం దాంక పుచ్చిపోయింది."

"నేనేం ఊకున్ననా? ఉప్పునీళ్లు పుక్కిలిపిచ్చిన. లవంగం పెట్టిన."

"ఎప్పుడు పెట్టినవ్ అత్తమ్మ? నొప్పి నిన్ననే లేసిందంటివి గదా."

"అప్పుడప్పుడు లేస్తుండె. తగ్గుతుండె. నువ్వు డ్యూటీలుంటివి, నిన్నెందుకు పరేషాన్ చెయ్యాలెనని..."

"పిల్ల పన్ను పుచ్చుతుంటే లవంగం పెట్టి దాసినవ్."

"దాసుడేంది సత్తెవేణి. ఇంట్ల దాన్ని సూసుకునేది నేనే గదా."

"గదే అంటున్న. నీ మీదనే ఇడిసిపెట్టిన. బుద్ధి తక్కువై ఇడిసిపెట్టిన."

"గంత మాటనకు."

"అంట. ఇయ్యాల అంట. నీ మొకం సూడబుద్ధైతలేదు నాకు."

"మంచికే జేసిన బిడ్డా."

"నీ మంచే పిల్ల నోట్లె మన్ను కొట్టింది."

తలుపు తీసుకుని నర్సు బయటికి వచ్చింది.

"సాయిప్రియ వాళ్లమ్మ మీరేనా? పుచ్చిన పంటికి డాక్టరమ్మ మందు పెట్టేశారు, దాన్ని నిలబెట్టడానికి చూస్తారు. మిగిలిన దౌడపండ్లు ఇంకా మంచిగున్నయ్. వాటికైనా ఇవాళ పూత వేద్దామంటే పాప నోరు తెరవట్లేదు."

"నొప్పా?"

"నొప్పి కాదు. పెదవులు బిగబట్టి తల ఊపుతోంది. సీల్ వేస్తే లోపల మూసుకపోతయ్, మళ్ల ఎవ్వరు తెరవరు, మా నాయనమ్మ చెప్పింది అంటోంది."

"ఇన్నవా అత్తమ్మ? ఇప్పుడు సల్లగున్నదా? ఇంకో రోజు తీసుకొస్తే కాదా నర్సమ్మ?"

"తేవచ్చు. కానీ పాప భయం ఇట్లనే ఉంటే రేపైనా ఇంతే. ఆలస్యమైతే ఇవీ పుచ్చుతయ్ అంటున్నరు డాక్టరమ్మ."

"లే అత్తమ్మ. నా మాటింటదా అది? నీ కొంగు పట్టుకొని పెరిగింది. పో, ఏం కాదని నువ్వే చెప్పు."

"ఏం కాదని నేనెట్ల చెప్పాలె సత్తెవేణి?"

"నోటితోని చెప్పు. ఇంకెట్ల చెప్తరు?"

"నాకే భయమైతుంటే దానికి ధైర్యమెట్ల చెప్పాలె? నేను అబద్ధమాడితే మొకం సూసి పట్టేస్తది పోరి."

"అత్తమ్మా, ఉన్న పండ్లు గూడ పోతయ్ దానికి. నీకు దండం పెడ్త."

"దండమెందుకు గాని, జర నా చెయ్యి వట్టు, లేస్త. ఓ నర్సమ్మ, డాక్టరమ్మకు చెప్పు. ఆ సీలేందో ముందుగాల నాకెయ్యమను. ఇంక రెండు దౌడపండ్లున్నయ్ నాకు. పిల్ల సూస్తుంటది. మూసుకపోతే నావే మూసుకపోనియ్."