మొదటివాడి ఉద్యోగం

విమానం బాబాయి నా టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే పొయ్యి మీద పాలు పొంగినా ఎవరికీ పట్టదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఏదో సేవా సంస్థ వాళ్ళు ఎయిడ్స్ గురించి జనానికి చెప్పడానికి పరాయి దేశం వెళ్తూ, వ్యాను నడపడానికి ఈయన్ని విమానం ఎక్కించి తీసుకెళ్ళారు. జీతం లేని పని, పుణ్యానికి వెళ్ళాడు, అది నేనూ ఒప్పుకుంటా. కానీ అక్కడ ఉన్నది ఆర్నెల్లు, చెప్పుకుంటున్నది ఏళ్ళ తరబడి. వినీవినీ నా చెవులు తూట్లు పడ్డాయి.

ఆ రోజు మాత్రం నాకు నిజంగా ఒళ్ళు మండింది. ఎదురుగా మెకానిక్ షెడ్ల ముందు హెచ్ఐవి పరీక్షల వ్యాను ఆగి ఉంది. ఊరికే చేస్తారు, ఫలితం బయట ఎవరికీ చెప్పరు. అయినా పొద్దుటి నుంచి ఒక్కడూ ఎక్కలేదు. మా వీధిలో అదో పిచ్చి. ముందు ఎక్కినవాడికి ఏదో ఉన్నట్టే లెక్క, లేకపోతే వాడికెందుకంత తొందర అంటారు. అందుకని వెల్డరూ, పెయింటరూ, టైర్ల వాళ్ళూ అందరూ నా దగ్గర చేరి, అక్కా ఇంకో టీ, అక్కా ఇంకో టీ అంటూ, ముందు ఎక్కేది ఎవడా అని చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను, అబద్ధమెందుకు.

అందరికంటే నలిగిపోతున్నది మెకానిక్. పెళ్ళాం కడుపుతో ఉంది. ఆస్పత్రిలో ఆవిడకి పరీక్ష చేసి, నీకు బాగానే ఉంది, మీ ఆయన్ని కూడా చేయించుకోమను అన్నారు. ఇతను ఒకప్పుడు లారీల మీద ఊళ్ళు తిరిగిన మనిషి, లోపల గుబులు. రేపు, ఎల్లుండి అని దాటేస్తుంటే ఆవిడకి విసుగెత్తిపోయింది. ఈ పొద్దు ఆ వ్యాను ఎక్కాకే గడప తొక్కు, ఇది నీకోసం నాకోసం కాదు, పుట్టబోయేదానికోసం అని చెప్పి పంపించిందట. చీకటి పడేలోపు వ్యాను వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. అతని చేతిలో టీ మీగడ కట్టేసింది.

సరిగ్గా అప్పుడు ఎత్తుకున్నాడు బాబాయి.

"మీతో వేగలేక చస్తున్నానురా. ఇదే తంతు అక్కడా చూశాను. వ్యాను ఆపాం, మైకు పెట్టాం, ముట్టుకుంటే రాదు, ఒక గ్లాసులో తాగితే రాదు, దోమ కుడితే రాదు అని గొంతు చించుకున్నాం, ఒక్కడు కదిలితే ఒట్టు. డాక్టరమ్మ తల పట్టుకుంది. నేను స్టీరింగు వదిలేసి, జరగండమ్మా అని లోపలికెళ్ళి వేలు చాపాను. అంతే. నా వెనకాల ఓ ముసలాయన, ఆయన వెనకాల ఆయన కోడలు, అలా ఊరు ఊరంతా కదిలింది."

అంతవరకూ బాగానే ఉంది. అక్కడ ఆపేస్తే ఆయన విమానం బాబాయి ఎందుకవుతాడు?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి పక్క ఊరికి పాకింది. వాళ్ళేమన్నారు, ఆ మొదటివాణ్ణి పంపిస్తేనే మేం ఎక్కుతాం అని భీష్మించుకున్నారు. సరే కదా అని వెళ్ళాను. దాని పక్క ఊరూ అదే మాట. చివరికి సంస్థ వాళ్ళు నన్ను డ్రైవరుగా తీసేసి మొదటివాడి ఉద్యోగంలో వేశారు. పొద్దున్నే ఒక ఊళ్ళో మొదటివాణ్ణి, ఎండెక్కేసరికి ఇంకో ఊళ్ళో మొదటివాణ్ణి. భోజనానికి తీరికేదిరా?"

అన్నిసార్లు గుచ్చితే వేలు ఏమైపోవాలి బాబాయ్ అన్నాడు పెయింటరు.

"అదే చెప్పబోతుంటే మధ్యలో నీ గోలేంటి? జల్లెడయిపోయింది. చెయ్యి కడుక్కుంటే నీళ్ళు ఇటు పోస్తే అటు కారేవి. గాలి వీస్తే ఈల వేసేది. ఓ పెళ్ళిలో పిల్లనగ్రోవి వాయించేవాడు రాకపోతే నా వేలు ఊది కానిచ్చేశారు. ఒంట్లో రక్తం ఎప్పుడో అయిపోయింది. దోమలు వచ్చి వాలేవి, అయ్యో పాపం, ఈయన దగ్గరేముంది అనుకుని లేచిపోయేవి."

వ్యాను మెట్టు మీద నిలబడి నర్సమ్మ ఇటు చూసింది. పొద్దుటి నుంచి పిలిచీ పిలిచీ ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఎవరైనా వస్తారా, మమ్మల్ని వెళ్ళిపోమంటారా అని అడిగింది. మేమంతా గ్లాసుల్లోకి చూసుకున్నాం. బాబాయి ఆవిడ వైపు వీపు తిప్పి కూర్చుని ఇంకా గొంతు పెంచాడు.

"క్యూ అంటే ఆ దేశం రాజధానిలో చూడాలిరా. నా వెనకాల నిలబడ్డ జనానికి దేశం చాల్లేదు. క్యూ సరిహద్దు దాటేసింది. చివర్న ఉన్నవాళ్ళకి వీసా కావాల్సొచ్చింది. నేనున్న చోట మిట్టమధ్యాహ్నం, చివర్న వాళ్ళు దుప్పట్లు కప్పుకుని గురక పెడుతున్నారు. దేశాధ్యక్షుడు వచ్చి మధ్యలో దూరబోయాడు. అయ్యా, అందరికీ ఒకటే న్యాయం, వెనక్కెళ్ళండి అన్నాను. పాపం నడిచాడు. నడిచి నడిచి క్యూ చివరికి చేరేసరికి ఆయన పదవీకాలం అయిపోయింది."

వెల్డరు నవ్వబోయి మెకానిక్ మొహం చూసి ఆగిపోయాడు.

"బాబాయ్," అన్నాడు మెకానిక్. మెల్లగానే అన్నాడు. "ఆ ఉద్యోగం ఇక్కడ ఖాళీగా ఉంది."

"ఏ ఉద్యోగం?"

"మొదటివాడిది. నువ్వు ఎక్కు. నీ వెనకాలే నేనెక్కుతా."

బాబాయి టీ తాగేసి వెళ్దాం అన్నాడు. ఆయన గ్లాసు ఖాళీ అయి ఎంతసేపయిందో నాకు తెలుసు. తర్వాత, అక్కడ చేయించుకున్నవి ఈ జన్మకి చాలవా అన్నాడు. ఆ తర్వాత, ఈ వయసులో నాకెందుకురా, కుర్రాళ్ళు మీరు వెళ్ళండి అని మా మీదే విసుక్కున్నాడు.

"ఏదీ, ఆ జల్లెడ వేలు చూపించు," అన్నాడు మెకానిక్.

బాబాయి ఖాళీ గ్లాసుని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. మొహాన నెత్తుటి చుక్క లేదు. చివరికి వినీ వినపడకుండా, "సూదంటే నాకు పడదురా," అన్నాడు.

ఎవరం నవ్వలేదు. నవ్వడానికి మాకు మొహమెక్కడిది? పొద్దుటి నుంచి అందరం అదే బల్ల మీద ఉన్నాం కదా.

ఎదురుగా వ్యాను స్టార్టు చేశారు. మెకానిక్ లేచాడు. "నీ కథ అయ్యేలోపు నా బిడ్డ పుట్టి బడికి వెళ్ళేట్టుంది బాబాయ్," అని, ఆ చల్లారిన టీ నా చేతికిచ్చి వీధి దాటాడు. వీధి వీధంతా కళ్ళప్పగించి చూస్తోంది. మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. వెనక్కి తిరుగుతాడేమో అనుకున్నాను. ఎక్కేశాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

కాసేపటికి పెయింటరు తల గోక్కుంటూ లేచాడు. వాడి వెనకాల వెల్డరు. టైర్ల వాళ్ళు, మేం మాత్రం తక్కువ తిన్నామా అని ఇద్దరూ కలిసి వెళ్ళారు. చూస్తుండగానే క్యూ షెడ్డు గోడ దాటింది.

మెకానిక్ వేలికి దూది అదుముకుంటూ దిగాడు. ఫలితం తెలియడానికి అరగంట ఆగమన్నారట. అతను ఆగలేదు, ముందు ఇంటికి ఫోను చేసి, చేయించుకున్నానే అన్నాడు. అవతల ఆవిడ ఏమందో గానీ, మొహం తుడుచుకుంటూ కాసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత బల్ల మీద ఒంటరిగా మిగిలిపోయిన బాబాయిని చూశాడు.

"రా బాబాయ్. మా క్యూ చివరికి వీసా అక్కర్లేదు. నేను చెయ్యి పట్టుకుంటా."

టీ తాగేసి వస్తానురా అన్నాడు బాబాయి. నేను ఆ ఖాళీ గ్లాసు ఆయన చేతిలోంచి లాక్కుని పొయ్యి ఆర్పేశాను.

"నడు బాబాయ్," అన్నాను. "నీ వెనకాల నేనున్నాను."